మూత పడేలోగా

మంగళవారం. గాలి ఈశాన్యం. కొల్లేరు నిండుగా ఉంది.

పొద్దున్నే బడి కప్పెక్కి జల్లెడ కడిగాను. ఊరి గాలినంతా పీల్చి వడకట్టే జల్లెడ అది. దానికి పట్టిన మడ్డిని గీకి పరీక్ష పెట్టెలో వేయడం రోజూ నా మొదటి పని. పెట్టె కాసేపు గుర్రుమని పచ్చదీపం వెలిగించింది. పరజలంకలో ఏ జ్వరమూ లేదని కొల్లేరు బయటి గట్టు మీది నిఘా కేంద్రానికి అదే కబురు పంపుకుంటుంది. దానికి నాతో పని లేదు. అయినా ప్రతి లంకలోనూ జ్వరకాపరి రోజూ తన చేత్తో చిట్టా రాయాలని నియమం. పెట్టెకు కనిపించనివి మనిషికి కనిపిస్తాయని ఎవరో మంచి బుద్ధితో పెట్టిన నియమం అనుకుంటాను.

చలికాలపు పక్షులు దిగాయి. పడమటి నీళ్ళ మీద గూడబాతులు తెల్లగా, బరువుగా కూర్చుని ఉన్నాయి. పరజ బాతులు ఇంకా వస్తూనే ఉన్నాయి. పిల్లలు చూసి కేరింతలు కొట్టారు. పెద్దవాళ్ళు మాత్రం వాటిని చూసి సంతోషించడం మానేసి చాలా ఏళ్ళయింది.

మధ్యాహ్నం కసరత్తు. నేను గంట కొట్టగానే ఊరంతా ముక్కుగుడ్డలు కట్టుకోవాలి, ఎవరి అరుగు మీద వాళ్ళు నిలబడాలి, జ్వరం ఉన్నట్టు నటించేవాళ్ళను బడిగదిలోకి చేర్చాలి, ఆక్సిజన్ యంత్రాన్ని నడిపి చూడాలి. ఈసారి జ్వరమొచ్చినట్టు నటించడం మోక్షిత మామ్మ వంతు. ఆమె బాల్యంలో ఆడపిల్లలందరికీ అలాంటి పేర్లే పెట్టేవారట. మోకాళ్ళు పట్టేసి ఆవిడ ఇల్లు దాటి రెండేళ్ళయింది. మనవడు తేజస్ కుర్చీతో సహా ఎత్తుకుని తీసుకొచ్చాడు.

"మామ్మా, మూలగాలి నువ్వు. జ్వరం కదా," అన్నాను.

"మూలగడానికి నాకు జ్వరం కావాలా? రోజూ మూలుగుతూనే ఉన్నాను, ఎవడు పట్టించుకున్నాడు," అంది.

తేజస్ నవ్వాడు. లంకలో బాతులు పెంచేవాడు అతనొక్కడే. బడి ఎదుటే నిలబడి ఈల వేస్తే చెరువు అవతలి ఒడ్డు నుంచి మంద మొత్తం గోలగోలగా ఈదుకొస్తుంది.

శుక్రవారం. గాలి పడమర.

కట్ట మీద చచ్చిన గూడబాతులు కనిపించాయి. మెడలు వెనక్కి తిరిగిపోయి ఉన్నాయి. తొడుగులు వేసుకుని, ముక్కుగుడ్డ మీద ఇంకో ముక్కుగుడ్డ కట్టుకుని నమూనాలు తీశాను. పెట్టె పసుపుదీపం వెలిగించింది. పిట్టజ్వరం.

పసుపు వెలిగితే ఊళ్ళో బాతులూ కోళ్ళూ ఉండకూడదు. వైరస్ బాతుకు ఏ హానీ చేయకుండా దాని ఒంట్లో కాపురం పెడుతుంది. బాతు ఆరోగ్యంగా కనిపిస్తూనే చెరువంతా పంచిపెడుతుంది. ఈ సంగతి తేజస్‌కు నాకు తెలిసినంతా తెలుసు. అయినా చెప్పడానికి వెళ్ళాను.

"దీపం చూశానక్కా. గట్టు నుంచి ఎవర్నీ పిలవొద్దు. నేనే చేస్తాను," అన్నాడు.

"ఒక్కడివీ ఎలా చేస్తావు? యంత్రం పంపుతారు, గ్యాసుతో నిమిషాల్లో అయిపోతుంది."

"యంత్రం వెంటబడితే బెదురుతాయి. చెల్లాచెదురై రెల్లులోకి పోతాయి. నేను పిలిస్తే వస్తాయి."

గ్యాసు గది మాత్రం తెప్పించుకోవడానికి ఒప్పుకున్నాడు. ఒంటినిండా తొడుగు వేసుకున్నాక ఈల వేయడానికి ముక్కుగుడ్డ అడ్డమొచ్చింది. కిందికి లాగి, ఈల వేసి, మళ్ళీ పైకి లాక్కున్నాడు. అవన్నీ వచ్చాయి. నేను పక్కనే ఉన్నాను కాని గుడ్డ దించొద్దని అనలేకపోయాను. తరువాత సున్నం చల్లి ఇద్దరం గొయ్యి పూడ్చాం.

బుధవారం. గాలి లేదు.

తేజస్‌కు జ్వరం. ఒళ్ళు కాలిపోతోంది, కళ్ళు ఎర్రబడ్డాయి, మెట్టెక్కితే ఆయాసం. బడిగదిలోకి చేర్చి మందు బిళ్ళలు మొదలుపెట్టాను. గొంతులోంచి తీసిన నమూనాను పెట్టె పొద్దుణ్ణించి సాయంత్రం దాకా చదివింది. వైరస్ అక్షరం అక్షరం చదివితేగాని అది పిట్టదిగానే ఉందా, మనిషికి అలవాటుపడిందా అన్నది తేలదు. మళ్ళీ పసుపే వెలిగింది. పిట్ట నుంచి ఒక మనిషికి వచ్చింది, అంతే. మనిషి నుంచి మనిషికి పోయే లక్షణం కనిపించలేదు.

కేంద్రం నుంచి రేడియోలో డాక్టర్ ఆద్య మాట్లాడింది. మా లంకల మీద నిఘా ఆమెదే. నాలుగేళ్ళుగా రోజూ ఆ గొంతు వింటున్నాను కాని మనిషిని ఎప్పుడూ చూడలేదు.

"బోర్లా పడుకోబెట్టండి, లహరి గారూ. కిటికీలన్నీ తీసే ఉంచండి. అతనితో ఇంట్లో ఎవరుంటారు?"

"మామ్మ ఒక్కతేనండి."

"ఆవిడ బాతుల దగ్గరికి వెళ్ళేదా?"

"మోకాళ్ళు లేవండి. గడప దాటదు."

"ఆవిణ్ణి రోజూ చూస్తూ ఉండండి," అంది.

ఆ మాట ఎందుకన్నదో నాకు తెలుసు. బాతుల్ని తాకని మనిషికి జ్వరం వస్తే దానికి ఒకటే అర్థం.

ఆదివారం. గాలి ఆగ్నేయం. రాత్రి రాస్తున్నాను.

ఈ రోజు జరిగిందంతా వరసగా రాయాలి.

పొద్దున వెళ్ళేసరికి మోక్షిత మామ్మ అరుగు మీద దుప్పటి కప్పుకుని ఉంది. చెయ్యి పెట్టి చూడనివ్వలేదు. "దూరంగా ఉండు, వచ్చేసింది," అంది. గొంతు నమూనా తీసుకుని బయటికొచ్చాను. వీధిలో అప్పటికే జనం ఉన్నారు. లంకలో ఇల్లిల్లూ ఎడంగా ఉంటుంది కాని కబురుకు ఆ దూరం లెక్కలోది కాదు.

అందరూ నా చేతిలోని గొట్టాన్నే చూస్తున్నారు. అది పెట్టెలో పడితే సాయంత్రానికి ఎర్రదీపం వెలుగుతుంది. ఎర్రదీపం వెలిగితే మూత పడుతుంది. లంక చుట్టూ నీళ్ళ మీద తేలే దీపాలన్నీ ఎర్రబారతాయి. కేంద్రం వారి కాపలా డ్రోన్లు, మా మాటలో తూనీగలు, గుంపులుగా వచ్చి గాల్లో నిలుస్తాయి. ఆ గీత దాటితే పడవ ఇంజను ఆగిపోతుంది. లోపలివాళ్ళు బయటికి పోకూడదు, బయటివాళ్ళు లోపలికి రాకూడదు, డాక్టరైనా నర్సైనా సరే. బియ్యం, బిళ్ళలు మాత్రం తూనీగలు జారవిడుస్తాయి.

మెట్టలంక మీద మూత పడ్డప్పుడు బియ్యం సరిగ్గానే పడింది. పడుకున్నవాళ్ళకు ఆక్సిజన్ పెట్టేవాళ్ళే లేరు. నిలబడగలిగినవాళ్ళు మిగిలినవాళ్ళకు చాకిరీ చేసి, చేసి, వాళ్ళూ పడుకున్నారు. రోజూ రేడియోలో మాట్లాడేవారు. లంకలన్నీ వినేవి. తరవాత ఒకరోజు ఆ రేడియో మూగబోయింది.

మా తమ్ముడు రిత్విక్ ముందుకొచ్చాడు. వాడి భార్య సాన్వికి నెలలు నిండాయి.

"అక్కా, అది పెట్టెలో వెయ్యకు. ఒక్క రోజు ఆగు. నేను సాన్విని ఏలూరు ఆసుపత్రిలో చేర్చి వచ్చేస్తాను. ఆ తరవాత నీ ఇష్టం."

"సాన్వికి ఇప్పటికే జ్వరం తగిలి ఉంటే? ఆ ఆసుపత్రిలో ఎంతమంది గర్భిణీలుంటారో తెలుసా నీకు?"

"మెట్టలంక మర్చిపోయావా నువ్వు? ఇక్కడ పురుడెవరు పోస్తారు? ఆ తూనీగలా?"

వెనక నుంచి ఎవరో, "ఒక్కళ్ళు ఎల్తే అందరం ఎల్తాం," అన్నారు. కొంతమంది అప్పటికే రేవు వైపు నడుస్తున్నారు. తప్పని అనలేను. నాకూ ఆ ఆశ పుట్టింది. గొట్టాన్ని జేబులో వేసుకుని ఇంటికి పోవచ్చు. ఇంకో రోజు ఎవరికీ ఏమీ తెలియదు.

అప్పుడు అరుగు మీంచి మామ్మ గట్టిగా దగ్గింది. దగ్గు ఆగాక, "ఏవే లహరీ, నా గొంతులోంచి తీసింది నీ చేతిలో పట్టుకుని నిలబడ్డావేంటి? పెట్టెలో వెయ్యి," అంది.

"వేస్తే మూత పడుద్ది, మామ్మా," అన్నాడు రిత్విక్.

"వెయ్యకపోతే జ్వరం ఆగుద్దంట్రా? నాకు తగలనే తగిలింది. రేపు నీ పెళ్ళానికి తగులుద్ది. అది ఏలూరులో ఇంకోళ్ళకి అంటిస్తుంది. వాళ్ళ పిల్లలు మన పిల్లలు కారేంటి?"

రిత్విక్ గొంతు తగ్గించాడు. "సాయంత్రం దాకా టైముంది. వేసేసినా ఈలోగా ఎళ్ళిపోవచ్చు."

ఆ మాట వినేదాకా నాకూ తట్టలేదు. టైముంది నిజమే. ఊరంతా ఆ వ్యవధిని పారిపోవడానికి దొరికినదిగానే చూస్తోంది.

"సాయంత్రం దాకా టైముంది. ఎవరైనా రావడానిక్కూడా ఆ టైము చాలు," అన్నాను.

"ఎవరొస్తారు? మెట్టలంకకి ఎవరెళ్ళారు?"

"మెట్టలంక అడగలేదు. మూత పడ్డాకే వాళ్ళకి సంగతి తెలిసింది. మనకి ముందే తెలిసింది. మనం అడుగుదాం. వాళ్ళు మూసేదాకా ఎందుకు కూర్చోవాలి? మనమే మూసుకుందాం. పడవలు ఒడ్డుకు లాగి గొలుసులు వేసుకుందాం. అప్పుడు అడుగుదాం, ఎవరొస్తారో చూద్దాం."

చాలాసేపు వాదించుకున్నాం. అరుచుకున్నాం కూడా. చివరికి మొదటి పడవను ఒడ్డుకు లాగింది తేజస్ పొరుగింటి ఆవిడ. ఎవరితోనూ ఏమీ అనకుండా చీర కుచ్చెళ్ళు దోపుకుని, నీళ్ళలోకి దిగి లాగింది. ఇంకొకరు సాయం పట్టారు. అలా ఒకటొకటే గట్టెక్కాయి. రిత్విక్ తన పడవ మాత్రం వదల్లేదు.

"పొద్దు వాలేదాకా చూస్తాను. ఎవరూ రాకపోతే సాన్విని ఎక్కించుకుని పోతాను. నువ్వు అడ్డం పడుకున్నా ఆగనక్కా."

నమూనాను పెట్టెలో వేసి, రేడియోలో అందరూ వినే మీట నొక్కాను. ఏం చెప్పానో గుర్తున్నంతవరకు రాస్తున్నాను:

"ఇది పరజలంక. జ్వరకాపరి లహరిని మాట్లాడుతున్నాను. మా ఊళ్ళో పిట్టజ్వరం మనిషి నుంచి మనిషికి వచ్చిందని అనుకుంటున్నాం. నమూనా పెట్టెలో వేశాం. సాయంత్రానికి మూత పడుతుంది. మేం పారిపోవడం లేదు. మా పడవలు గట్టెక్కించి గొలుసులు వేసుకున్నాం. మాకు నర్సులు కావాలి. ఒకరికి పురుడు పోయడం వచ్చి ఉండాలి. ఆక్సిజన్ యంత్రాలు కావాలి. వచ్చినవాళ్ళు మూత తీసేదాకా మాతోనే ఉండాలి. బతికి బయటికెళ్తారని మాట ఇవ్వలేం. రాగలిగినవాళ్ళు మూత పడేలోగా రండి."

కేంద్రం వెంటనే అందుకుంది. ఆద్య గొంతు కాదు, పైఅధికారి ఎవరో. ఫలితం తేలేదాకా ఎక్కడివాళ్ళు అక్కడే ఉండాలనీ, లంకవైపు పడవ నడిపినవాళ్ళు శిక్షార్హులనీ చెప్పాడు. రెండుసార్లు చదివాడు. నేనూ నా మాటలు ఇంకోసారి చెప్పాను.

తరవాత రేవులో కూర్చున్నాం. ఎడంగా, ముక్కుగుడ్డలతో. మధ్యాహ్నం వాలింది. నీళ్ళ మీద పరజలు తప్ప ఏమీ లేవు. సాన్వి పడవలో చాప మీద కూర్చుని ఉంది. నావైపు ఒకసారి చూసి తల దించుకుంది. రిత్విక్ ఇంజను మీద చెయ్యి వేసే ఉంచాడు.

ముందు దక్షిణం నుంచి చిన్న పడవొకటి వచ్చింది. కలువలంక ముసలాయన. రేవుకు రాకుండా నీళ్ళలో పాతిన దుంగల మంచె మీద రెండు ఆక్సిజన్ యంత్రాలు దించాడు. "మా బడిలోవండి. మీ దగ్గరుంచుకోండి. నాకు ఊపిరితిత్తులు బాగోవు, దిగలేను. ఏమనుకోకండి," అని కేకేసి వెనక్కి తిరిగిపోయాడు. కొంతమంది ఏడ్చారు. రిత్విక్ మాత్రం, "యంత్రాలు పురుడు పోస్తాయా," అని ఇంజను తిప్పాడు. పడవ రేవు వదిలింది.

వాడికి అడ్డం పడలేదు. పడాలని మోకాటి లోతు నీళ్ళలోకి దిగి, అక్కడే నిలబడిపోయాను.

పడవ నాలుగు బారలు పోయి ఆగింది. వాడు లేచి నిలబడి ఉత్తరానికి చూస్తున్నాడు. కేంద్రం వారి మరపడవ నేరుగా మావైపే వస్తోంది. దాని మీద తూనీగలు ముసురుకుని హెచ్చరికలు వినిపిస్తున్నాయి. పడవ నడుపుతున్న మనిషి వాటిని ఈగల్ని తోలినట్టు చేత్తో విదిలిస్తోంది.

మరపడవ రేవుకు తగిలింది. ముగ్గురు దిగారు. నడిపినావిడ ముక్కుగుడ్డ సర్దుకుని నన్నే చూసింది.

"లహరి గారు మీరేనా? గొంతు విని ఇంకా పెద్దావిడ అనుకున్నాను."

ఆ గొంతు నాకు తెలుసు. "మీరేంటండీ, మీరొచ్చేశారు," అన్నాను తెలివితక్కువగా.

"పిలిచారు కదా," అంది డాక్టర్ ఆద్య. "ఈయన ఇస్మాయిల్, ఈవిడ కరుణశ్రీ, ఇద్దరూ నర్సులు. ఈవిడ చేతిలో పుట్టినవాళ్ళు ఒక ఊరికి సరిపోతారు. ఎవరు నెలలు నిండినావిడ?"

రిత్విక్ పడవ వెనక్కి వచ్చింది. వాడు ఇంజను ఆపేశాడు. ఆ తరవాత తనే పడవను ఒడ్డుకు లాగి గొలుసు చుట్టాడు.

పొద్దు కుంకే ముందు పెట్టె ఎర్రదీపం వెలిగించింది. మూత పడింది.

గురువారం. గాలి ఎటూ తేల్చుకోవడం లేదు.

బడి నిండింది. బల్లలన్నీ మంచాలయ్యాయి. ఆద్య వచ్చినరోజే ఊరందరినీ ఎడంగా నిలబెట్టి చెప్పింది: ఎవరు ఎవరికి వండి పెట్టాలి, ఏ గదిలోకి ఎవరు అడుగుపెట్టాలి, తొడుగు విప్పేటప్పుడు ఏ చెయ్యి ముందు. కసరత్తుల్లో నేర్చుకున్నది చాలావరకు పనికొచ్చింది. పనికిరానిది కూడా ఉంది. కసరత్తులో ఎవరూ నిజంగా ఊపిరందక చేతులు పట్టుకోరు.

కేంద్రం రోజూ పొద్దున్నే రేడియోలో ఒకే సంగతి చదువుతోంది. డాక్టర్ ఆద్య ప్రవేశం చెల్లదని, ఆమె సూచనలను ఎవరూ పాటించనక్కర్లేదని. ఆమె శబ్దం తగ్గించి పని చేసుకుంటుంది. ఒకసారి ఇస్మాయిల్, "డాక్టర్‌గారూ, మీ మాట వినొద్దంట, మరి ఈ మందు ఇవ్వమంటారా వద్దంటారా," అని అడిగాడు. పక్క మంచంలోంచి మోక్షిత మామ్మ నవ్వింది. నవ్వితే దగ్గు వస్తుందని తెలిసీ నవ్వింది.

సోమవారం. గాలి తూర్పు.

సాన్వికి ఆడపిల్ల పుట్టింది. తల్లికీ బిడ్డకూ జ్వరం లేదు. కరుణశ్రీ కిటికీలోంచి చూపిస్తే రిత్విక్ అవతల నిలబడి చూశాడు. తరవాత మంచినీళ్ళ కావిడి ఎత్తుకుని బడివైపు వెళ్ళాడు. ఆ పని చేయడానికి ఇప్పుడు చాలామంది భయపడుతున్నారు. ఇకనుంచి రోజూ తనే చేస్తానన్నాడు వాడు.

బుధవారం. గాలి తూర్పు.

మోక్షిత మామ్మ పోయింది. ఆక్సిజన్ పెట్టాం, మందులన్నీ ఇచ్చాం, ఆద్య రెండు రోజులు ఆ మంచం వదల్లేదు. అయినా పోయింది. చేయగలిగిందంతా చేశాక కూడా మనిషి పోవడం నేను ఇంతకుముందు చూడలేదు. ఎవరూ ఏమీ చేయలేకుండా మనుషులు చనిపోవడమే చూశాను. దుఃఖం రెంటికీ ఒకటే కాని ఈసారి కోపం రాలేదు.

పక్క మంచంలో తేజస్ బోర్లా పడుకుని ఉన్నాడు. లేవలేడు. చెయ్యి చాచి ఆవిడ చెయ్యి పట్టుకునే ఉన్నాడు. పోయే ముందు ఆవిడ అతనితో మాట్లాడింది. ఆయాసం మధ్య ముక్కలు ముక్కలుగా.

"నా జ్వరం నీ వల్లే వచ్చిందని ఏడుస్తావేమో. అలా ఏడిచావంటే ఊరుకోను. నువ్వు నాకు రోజూ అన్నం పెట్టావు. అన్నంతోపాటు వచ్చింది. దానికెవరేం చేస్తారు."

ఇంకో ఇద్దరు కూడా ఈ వారం పోయారు. మెట్టలంకలో మొదటి వారంలో ఎంతమంది పోయారో ఆద్యకు తెలుసు. పోల్చి చెప్పబోయింది. వద్దన్నాను.

ఆదివారం. గాలి దక్షిణం. ఎండ ముదిరింది.

కేంద్రం నుంచి కబురు. మా నమూనా వివరాలు ఆలస్యం కాకుండా అందడం వల్ల టీకా తయారీ వెంటనే మొదలైందట. లంకలకూ, గట్టు మీది కోళ్ళ షెడ్లలో పనిచేసేవాళ్ళకూ వేస్తున్నారట. మా జ్వరం మా నీళ్ళు దాటలేదు. ఈ మాట చదివినతనే తరవాత కాగితం తిప్పి ఆద్య ప్రవేశం చెల్లదని కూడా చదివాడు.

తేజస్ ఇవాళ లేచి కూర్చున్నాడు. గంజి తాగాడు. గొంతు పోయింది, గుసగుసే వస్తోంది. జ్వరం కొత్తగా ఎవరికీ రాలేదు.

శనివారం. గాలి నైరుతి.

మూత తీశారు. ఎర్రదీపాలు ఆరిపోగానే ఊరు రేవుకు పరుగెత్తింది. అంతలోనే కేంద్రం వారి పెద్ద పడవ వచ్చింది. ఆద్యనూ ఇస్మాయిల్‌నూ కరుణశ్రీనీ విచారణకు తీసుకెళ్ళడానికి. అధికారి మర్యాదగానే మాట్లాడాడు. "ముగ్గురూ ఎక్కండి," అన్నాడు.

రిత్విక్ గొలుసు విప్పి తన పడవ నీళ్ళలోకి నెట్టాడు. "మేమూ వస్తున్నామండి."

"మిమ్మల్ని పిలవలేదు."

"ఆవిణ్ణి మేమే పిలిచామండి. అడగాల్సింది మమ్మల్ని."

పడవలన్నీ కదిలాయి. ఏలూరు దాకా ఆ పెద్ద పడవ వెనకే వెళ్ళాం.

బుధవారం. ఏలూరు నుంచి వచ్చాక.

విచారణ హాలులో మా ఊరివాళ్ళకు కుర్చీలు చాలలేదు, గోడల వెంబడి నిలబడ్డాం. విచారణ నడిపిన పెద్దాయన చెడ్డవాడు కాదు. అలసిపోయిన మనిషి.

"ఈ నియమం ఊరికే రాయలేదమ్మా," అన్నాడు ఆద్యతో. "ఏళ్ళ క్రితం మొదటిసారి జ్వరం పాకినప్పుడు డాక్టర్లు, నర్సులు లోపలికీ బయటికీ తిరిగి పట్నాలకు అంటించారు. ఆ చావుల మీద రాసిన నియమం ఇది. ఈసారి మీ అదృష్టం బాగుంది. రేపు ఇంకొకరు ఇలాగే దూరితే?"

"దూరడం వల్ల కాదు సార్, బయటికి రావడం వల్ల అంటుకుంది. మేము రాలేదు. నియమం బయటికి రావద్దనాలి. లోపలికి పోవద్దనడం ఎందుకు?"

"వాదన తరవాత. చేసింది తప్పని ఒప్పుకోండి. మందలించి వదిలేస్తాం. ఉద్యోగం ఉంటుంది."

ఆమె ఒప్పుకోనంది. ఒక్క మాటే అంది. పెద్దాయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

అప్పుడు తేజస్ గోడ పట్టుకుని ముందుకు వెళ్ళాడు. నడవడానికి సమయం పట్టింది. ఎవరూ ఆపలేదు. అతని గుసగుస వినడానికి అందరూ ముందుకు వంగారు.

"అయ్యా, నా పేరు సైదు తేజస్. మూత పడ్డ లంకలో నా ఊపిరి ఆగిపోబోతే ఈవిడ బోర్లా తిప్పి, మూడు రోజులు నా పక్కన కూర్చున్నారు. నేను బతికున్నాను. తప్పు రాసుకోవాలంటే అది రాసుకోండి. ఇదిగో, నేనే ఆ తప్పు."

గుమస్తా పెద్దాయన వైపు చూశాడు, రాయనా వద్దా అన్నట్టు. రాయమని ఆయన తలూపాడు.

ఆద్యను ఉద్యోగంలోంచి తీసేశారు. మిగతా ఇద్దరినీ మందలించారు. ప్రవేశ నిషేధాన్ని మార్చే సంగతి పరిశీలిస్తామని చెప్పారు. ఎప్పటికో చెప్పలేదు. అంతవరకు పాత నియమమే.

సాయంత్రం మా పడవలోనే ఆమె తిరిగొచ్చింది. సామాను ఇంకా మా బడిలోనే ఉంది మరి. సాన్వి తన బిడ్డను ఆద్య ఒళ్ళో పెట్టింది.

రేవుకు చేరేసరికి పడవలోని రేడియో మోగుతోంది. కలువలంక కాపరి మాట్లాడుతున్నాడు. రాబోయే చలికాలంలో ఏ లంక మూసుకున్నా, మూత పడేలోగా తమ ఊరి నుంచి ఇద్దరు వస్తారని చెప్పి, వాళ్ళ పేర్లు చదివాడు. వెనకే ఇంకో లంక. ముగ్గురు, ఒకాయన నర్సు. ఇంకో లంక. నేను పడవ దిగకుండానే చేతిలోకి రేడియో తీసుకుని మా పేర్లు చెప్పాను: ముంగర లహరి, ముంగర రిత్విక్. ఆద్య తన పేరు తనే చెప్పుకుంది.

కేంద్రం మధ్యలో అందుకుని, ఇలాంటి ప్రకటనలు చట్టవిరుద్ధమని హెచ్చరించడం మొదలుపెట్టింది. ఆ హెచ్చరిక పూర్తయ్యేలోగానే ఇంకో లంక గొంతు వినిపించింది.